ఆ మాత్ర ఏ పని చేస్తుంది?

మా శ్రీకాళహస్తి బస్టాండులో దిగే కొత్త జంటలను చూస్తే సగం కథ అడక్కుండానే అర్థమైపోతుంది. రాహుకేతు పూజకి వస్తారు. పెళ్లి కుదరాలని కొందరు, పిల్లలు పుట్టాలని కొందరు. పూజ అయ్యాక తిరుపతి బస్సెక్కుతారు. కొండకి వెళ్లేవాళ్లు కొందరు, ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్లేవాళ్లు కొందరు, రెండూ చూసుకుని ఊరికి పోయేవాళ్లు ఇంకొందరు. హ్యాండ్‌బ్యాగులో కుంకుమ పొట్లం పక్కనే మడతపెట్టిన మందుల చీటీ ఉంటుంది.

ఈ వారం ముచ్చట ఆ చీటీ గురించి. పూజ మీ నమ్మకం, దాని జోలికి నేను రాను. కానీ చీటీలో రాసిన మాత్రని తెలుసుకునే మింగాలి.

నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అయినా ఇంట్లో ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా ఫొటో తీసి నాకే పంపుతారు. ఆ మధ్య మా పెద్దమ్మ కోడలు ఒక స్ట్రిప్ ఫొటో పెట్టి, కింద ఇలా రాసింది: "ఏమబ్బా, ఇది క్యాన్సర్ మాత్రంట కదా. నాకు యాల రాసినారో చూడు. మీ అన్నకి చెప్పలేదు, భయపడతాడు."

ఆ మాత్ర పేరు లెట్రోజోల్. ఇదే భయం పడ్డ ఆడపిల్లలు మనలో చాలామందే ఉంటారు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడదాం.

క్యాన్సర్ మందు ఇక్కడెందుకు?

లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్ మందు అన్నది నిజమే. మన ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైమ్ ఒకటుంది, దాని పేరు అరోమటేజ్. ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు ఈస్ట్రోజెన్ ఆసరాతో పెరుగుతాయి కాబట్టి అక్కడ దీన్ని రోజూ, ఏళ్ల తరబడి ఇస్తారు.

పిల్లల కోసం ఇచ్చేటప్పుడు లెక్క వేరు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి, మామూలుగా ఐదు రోజులే. ఆ ఐదు రోజుల్లో ఈస్ట్రోజెన్ కాస్త తగ్గుతుంది. అది చూసి మెదడు "ఏంది, అండాశయం పని చేయడం లేదే" అనుకుంటుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ని ఇంకొంచెం ఎక్కువ పంపుతుంది. ఆ హార్మోన్ ఊపుతో అండాశయంలో ఒక ఫాలికల్ పెరిగి, అండం విడుదలవుతుంది. అంతే దాని పని. గర్భం నిలిచే సమయానికి మందు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోయి ఉంటుంది. అప్పటికే గర్భం ఉంటే మాత్రం దీన్ని వాడకూడదు. అందుకే మొదలుపెట్టే ముందు గర్భం లేదని తేల్చుకోమంటారు.

ఈ మాత్రకి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 2005లో ఒక వైద్య సదస్సులో, ఇది వాడాక పుట్టిన పిల్లల్లో లోపాలు ఎక్కువగా ఉన్నాయని ఒక చిన్న అధ్యయనం చదివారు. గోల మొదలైంది. మరుసటి ఏడాది కెనడా వాళ్లు 911 మంది పిల్లల వివరాలు తీసి చూస్తే, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్ల పిల్లలతో పోల్చితే లోపాలు ఎక్కువగా కనబడలేదు. అయినా 2011 అక్టోబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం సంతానం కోసం లెట్రోజోల్ వాడకాన్ని నిషేధించింది. క్యాన్సర్‌కి మాత్రం ఉంచింది.

2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద చేసిన ప్రయోగం ఫలితం వచ్చింది. మన వీధుల్లో దాన్ని పీసీఓడీ అంటారు. సగం మందికి లెట్రోజోల్, సగం మందికి క్లోమిఫిన్, ఐదు నెలసరుల వరకూ ఇచ్చారు. బిడ్డ పుట్టింది లెట్రోజోల్ వాళ్లలో నూటికి 27.5 మందికి, క్లోమిఫిన్ వాళ్లలో 19.1 మందికి. 2017లో మన దేశంలో ఆ నిషేధం తీసేశారు. ఇప్పుడు పీసీఓఎస్ వల్ల అండం విడుదల కానివాళ్లకి చాలా దేశాల్లో మొదట రాసే మాత్ర ఇదే.

వదినకి ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. డాక్టర్ పొరపాటున రాసింది కాదని కూడా చెప్పాను. ఆమె మళ్లీ ఒక్క మాట అడిగింది: "అయితే ఇది ఏసుకుంటే నిలుస్తాదా?"

అసలు ప్రశ్న అదే. జవాబు ఆ 27.5లోనే ఉంది. బాగా పనిచేసే మందే, సరైన మనుషులకే, ఐదు నెలలు ఇచ్చినా నూటికి 70 మందికి పైగా బిడ్డ పుట్టలేదు. వాళ్లలో ఎవరూ మాత్ర సరిగ్గా వేసుకోకనో, అదృష్టం లేకనో ఓడిపోలేదు. వాళ్లకి తర్వాతి మెట్టు కావాలి, అంతే.

ఒక మాత్రకి ఒకే పని

లెట్రోజోల్ గానీ క్లోమిఫిన్ గానీ చేసేది అండం విడుదల చేయించడం. ట్యూబులు మూసుకుపోయి ఉంటే అవి తెరవలేవు. భర్త వీర్యకణాలు తక్కువగా ఉంటే వాటిని పెంచలేవు. వయసుతో పాటు తగ్గిపోయిన అండాలను కొత్తగా పుట్టించలేవు. ఇంత చిన్న సంగతి ముందే చెప్పేవాళ్లు లేక, ఎన్ని నెలలు గాలికి పోతున్నాయో.

మనూళ్లలో ఎలా జరుగుతుందో మీకు తెలుసు. మొదటిసారి డాక్టర్ రాసిస్తారు. రెండోసారి మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే ఇచ్చేస్తారు. మూడోసారి చీటీ కూడా అడగరు. పక్కింటి అక్కకి నిలిచిందని ఆమె వాడిన స్ట్రిప్పే తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. స్కాన్ ఉండదు. అండం పెరుగుతోందో లేదో, ఒకటి పెరుగుతోందో మూడు పెరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. ఈ మందులతో కవలలు పుట్టే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. పైగా క్లోమిఫిన్ కొందరిలో గర్భసంచి లోపలి పొరని పలచబరుస్తుంది. అండం వచ్చినా నిలవడానికి చోటు సరిగ్గా ఉండదు. అందుకే దాన్ని మామూలుగా ఆరు నెలసరులు దాటించరు. మా ఆఫీసులో ఎర్రర్ ఎక్కడుందో చూడకుండా ఒకే ఫిక్స్ ఆరుసార్లు వేస్తే మేనేజర్ ఊరుకోడు. ఆడమనిషి ఒంటి మీద మాత్రం అదే చేస్తే అడిగే నాథుడు లేడు.

మెట్‌ఫార్మిన్ సంగతీ ఇంతే. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి ఇది రాస్తారు. స్ట్రిప్ చూసి "నాకు షుగరా?" అని కంగారు పడతారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి ఇస్తారు దాన్ని. 2007లో 626 మంది మీద చేసిన ప్రయోగంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో బిడ్డ పుట్టింది నూటికి 7 మందికి, క్లోమిఫిన్ వాడినవాళ్లలో 22 మందికి పైగా. అంటే అది పక్కన ఉండి సాయం చేసే మందు. ఒంటరిగా ఏళ్ల తరబడి దాని మీదే ఆశ పెట్టుకుంటే కాలం పోతుంది.

ఫోలిక్ యాసిడ్ ఇంకొకటి. ఇది గర్భం వచ్చే అవకాశం పెంచడానికి ఇవ్వరు. పుట్టబోయే బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగ్గా ఏర్పడటానికి ఇస్తారు. అందుకే గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. "రెండు నెలలు వేసుకున్నా ఏం కాలేదు" అని మానేయకండి. దాని పని మొదలయ్యేది తర్వాత.

మగాడి రిపోర్ట్ ఏది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఆరుగురిలో ఒకరికి సంతాన సమస్య ఎదురవుతుంది. ఆరుగురిలో ఒకరు అంటే ఆడవాళ్లు మాత్రమే అనుకునేరు. దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది, ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో.

వీర్య పరీక్షకి ఆపరేషన్ లేదు, మత్తు లేదు, నొప్పి లేదు. మొత్తం చికిత్సలో చవకైన పరీక్షల్లో అదొకటి. అయినా చాలా ఇళ్లలో భార్య ఏడాది పాటు మాత్రలు మింగాక, మూడు రకాల స్కాన్లు అయ్యాక గానీ భర్త ల్యాబ్ గడప తొక్కడు. "మావాడికేం, రాయిలా ఉన్నాడు" అని అత్తమ్మ అంటుంది. రాయిలా ఉండటానికీ కణాల లెక్కకీ సంబంధం లేదు.

జిమ్‌కి వెళ్లే తమ్ముళ్లకి ఒక మాట. కండల కోసం బయటి నుంచి టెస్టోస్టిరాన్ సూది వేయించుకుంటే, "ఇంక మనం తయారు చేయక్కర్లేదు" అని శరీరం తన పని తాను ఆపేస్తుంది. వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా సున్నా అవుతాయి. ఆపాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఒక వీర్యకణం తయారవడానికే రెండు నెలలకి పైగా కావాలి. డాక్టర్ అడిగినప్పుడు ఈ సంగతి దాచారంటే, మీ భార్య అనవసరంగా మందులు మింగుతున్నట్టే.

మగవాళ్ల కోసం డబ్బాల్లో వచ్చే పొడుల సంగతీ చూద్దాం. ఎక్కువ వాటిలో జింక్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అమెరికాలో 2,370 జంటల మీద పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు. మగవాళ్లు ఆరు నెలలు ఇవి వేసుకున్న జంటల్లో నూటికి 34 మందికి బిడ్డ పుట్టింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 35. తేడా ఏమీ లేనట్టే. ఆ డబ్బా డబ్బులతో ముందు పరీక్ష చేయించుకోండి.

సూదుల వెనక సన్యాసినులు

మాత్రలతో కాకపోతే, లేదా ఐవీఎఫ్‌కి వెళితే, సూదులు మొదలవుతాయి. వీటి కథ వింటే ఆశ్చర్యపోతారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో అండాశయం బదులివ్వదు కాబట్టి మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్‌ని కుమ్మరిస్తూనే ఉంటుంది. అది మూత్రంలో పోతుంది. 1950ల్లో ఇటలీలో, కాన్వెంట్లలో ఉండే వయసు మళ్లిన సన్యాసినుల మూత్రం సేకరించి, దాన్నుంచి ఈ హార్మోన్ తీశారు. ఇజ్రాయెల్‌లో బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే డాక్టర్ చికిత్సలో వాడారు. 1962లో ఆ మందుతో బిడ్డ పుట్టింది. ఈరోజు చీటీ మీద హెచ్‌ఎంజీ అని కనబడేది ఆ వంశమే. ల్యాబుల్లో కణాలు పెంచి తయారుచేసే రకాలు తర్వాత వచ్చాయి.

మాత్ర మెదడుని అరిపిస్తుంది. సూది మెదడుని దాటుకుని నేరుగా అండాశయాన్ని తడుతుంది. అందుకే బలం ఎక్కువ, జాగ్రత్తా ఎక్కువే. మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

మొదటిది చల్లదనం. కొన్ని సూదులు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. తిరుపతిలో కొని మే నెల ఎండలో బస్సులో శ్రీకాళహస్తికి తెచ్చేసరికి ఏమవుతుందో ఆలోచించండి. కొనేటప్పుడే ఐస్ ప్యాక్ అడగండి. ఇంట్లో కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుందో కూడా అడగండి.

రెండోది టైము. అండం పండాక చివర్లో ఇచ్చే సూదిని ట్రిగ్గర్ అంటారు. ఐవీఎఫ్‌లో అది వేసిన సుమారు 36 గంటలకి అండాలు బయటికి తీస్తారు. రాత్రి 10 గంటలకి అన్నారంటే 10 గంటలకే. సీరియల్ అయ్యాక వేసుకుందాం అంటే, మొత్తం నెల కష్టం నీళ్లపాలు కావచ్చు.

మూడోది ప్రమాద గుర్తులు. కొందరిలో అండాశయాలు అవసరానికి మించి ఉబ్బుతాయి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. పొట్ట గట్టిగా ఉబ్బడం, ఒకటి రెండు రోజుల్లోనే బరువు పెరగడం, ఊపిరాడకపోవడం, మూత్రం తగ్గడం, ఆగని వాంతులు కనిపిస్తే "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగి పడుకోకండి. ఆ రోజే, ఆ గంటే ఫోన్ చేయండి.

ఆ రెండు వారాలు

ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భసంచిలో పెట్టాక ప్రొజెస్టిరాన్ ఇస్తారు, సూదిగానో, లోపల పెట్టుకునే మాత్రగానో, జెల్‌గానో. గర్భసంచి పొరని పిండం నిలవడానికి అనువుగా ఉంచడం దాని పని. మామూలుగా ఈ హార్మోన్ ఒంట్లోనే తయారవుతుంది, ఐవీఎఫ్‌లో మాత్రం అది చాలదు. కాబట్టి చెప్పకుండా ఆపేయకూడదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ప్రొజెస్టిరాన్ వల్ల కూడా రొమ్ములు నొప్పిగా ఉంటాయి, నిద్ర ముంచుకొస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, నెలసరి ఆలస్యం అవుతుంది. ఇవి చూసి నిలిచిందని ఊరంతా చెప్పేస్తారు. ట్రిగ్గర్ సూదిలో ఎక్కువగా వాడేది హెచ్‌సీజీ. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ కిట్ వెతికేదీ అదే హార్మోన్. తొందరపడి కిట్ వాడితే సూది మందుకే రెండు గీతలు వస్తాయి. తర్వాత రక్తపరీక్షలో లేదని తేలినప్పుడు ఆ దెబ్బ చాలా పెద్దది. డాక్టర్ చెప్పిన తేదీ దాకా ఆగండి. ఆ రెండు వారాలు మంచం దిగకుండా పడుకోవాల్సిన పని కూడా లేదు. పడుకుంటే ఎక్కువ నిలుస్తాయని ఎక్కడా తేలలేదు.

కూపన్‌లా తగిలించే మందులు

ఒకసారి ఐవీఎఫ్ ఫెయిలైతే, రెండోసారి చీటీ పొడుగవుతుంది. స్టెరాయిడ్, రక్తం పలచబడే సూది, ఇంట్రాలిపిడ్ అనే తెల్లటి డ్రిప్. "అవకాశం పెంచుతాయి" అంటారు. కొందరికి, ప్రత్యేకమైన కారణం ఉంటే, వీటిలో కొన్ని నిజంగా అవసరం. అందరికీ కాదు.

చైనాలో రెండు అంతకన్నా ఎక్కువసార్లు పిండం నిలవని 715 మందికి సగం మందికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి 2023లో ఫలితం చెప్పారు. బిడ్డ పుట్టింది స్టెరాయిడ్ వాళ్లలో నూటికి 37.8 మందికి, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 38.8 మందికి. పైగా నెలలు నిండకుండా పుట్టడం స్టెరాయిడ్ వాడినవాళ్లలోనే ఎక్కువ. బ్రిటన్‌లో ఫెర్టిలిటీ సెంటర్లను చూసుకునే ప్రభుత్వ సంస్థ ఇలాంటి అదనపు చికిత్సలకి రంగులు ఇచ్చి జనం ముందు పెడుతుంది. స్టెరాయిడ్‌కి గానీ ఇంట్రాలిపిడ్‌కి గానీ పచ్చ రంగు ఇవ్వలేదు. మన దగ్గర అలాంటి పట్టిక లేదు కాబట్టి అడిగే బాధ్యత మన మీదే పడింది.

గుంటూరు వార్త చెప్పని సగం

2019 సెప్టెంబర్ 5న గుంటూరులో 74 ఏళ్ల తూర్పు గోదావరి మహిళ ఇద్దరు ఆడపిల్లలకి జన్మనిచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది, "చూశారా, మందులతో ఏ వయసులోనైనా సాధ్యమే" అంటూ. అందులో చాలామంది చదవని మాట ఒకటుంది: ఆ అండం దాత ఇచ్చింది. నెలసరి ఆగిపోయినా గర్భసంచిని హార్మోన్లతో సిద్ధం చేయొచ్చు. అండానికి మాత్రం వయసు వెనక్కి తిప్పే మందు ఇంతవరకూ రాలేదు. ఆ తర్వాత 2021లో వచ్చిన కేంద్ర చట్టం, ఈ చికిత్సకి ఆడవాళ్లకి 21 నుంచి 50, మగవాళ్లకి 21 నుంచి 55 ఏళ్ల హద్దు పెట్టింది. సెంటర్లు రిజిస్టర్ చేసుకోవాల్సిందేనని కూడా చెప్పింది. మీరు వెళ్లే చోట ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో చూడండి.

అందుకే నెలలు వృథా కావడం చిన్న విషయం కాదు. డబ్బు మళ్లీ సంపాదించొచ్చు. 35 దాటిన ఆడమనిషికి పనికిరాని మందు మీద పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. 35 లోపు ఏడాది ప్రయత్నించాక, 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టర్ని కలవమనేది అందుకే.

చీటీ చేతికి రాగానే

నాలుగు ప్రశ్నలు ఫోన్‌లో నోట్ చేసుకోండి.

ఒకటి: ఈ మందు ఏ పని చేస్తుంది? నా సమస్య అదేనా?

రెండు: పనిచేస్తోందో లేదో ఏ స్కాన్‌తో, ఏ రోజు తెలుస్తుంది?

మూడు: ఎన్ని నెలలు వాడాలి? కాకపోతే తర్వాత ఏంటి?

నాలుగు: నాలాంటి నూరు మందిలో ఎంతమందికి బిడ్డ పుడుతోంది?

వీటితో పాటు మీరు వాడే ప్రతిదీ చెప్పేయండి. థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మాత్ర, ఎవరో ఇచ్చిన నాటుమందు, ఒక్కపొద్దులు, అన్నీ. తిట్టే డాక్టర్ తిడతారు, పర్వాలేదు.

అన్నలకి, తమ్ముళ్లకి చివరిగా ఒకటి చెప్పాలి. "ఏమన్నా విశేషమా?" అని చుట్టాలు అడిగేది మీ భార్యని. సూది పొడుచుకునేదీ ఆమే. మీరు ఆఫీసుకి సెలవు పెట్టి పక్క కుర్చీలో కూర్చుంటే, డాక్టర్ గదిలో ఆమె అడగలేని ప్రశ్న మీరు అడగొచ్చు. దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, గూగుల్ అక్కర్లేదు. తెలుగులోనే అడగండి, తెలుగులోనే అర్థమయ్యేదాకా చెప్పించుకోండి.